కత్తెర పడిన గోలీల షీటు

"ఒక్క తల్లి కడుపు, ఒక్కటే పురుగు. పెద్దోడు గుండ్రాయి లెక్క ఉన్నడు, చిన్నోడు బూడిదైండు. నడుమ ఎవలున్నరు జబ్బార్ సాబ్? పెండ్లాం ఉన్నది. పెండ్లాం తాపిన పసరు సీసా ఉన్నది. ఇంకేం గావాలె?"

హుస్నాబాద్ ఠాణాలో సి.ఐ. ఓంప్రకాశ్ టేబుల్ మీద సీలేసిన సీసాను వేలితో తట్టాడు. అడుగున ఆకుపచ్చ మడ్డి కదిలింది.

జబ్బార్ కుర్చీ అంచున కూర్చున్నాడు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, కరీంనగర్‌లో టైర్ల దుకాణం మీది గదిలో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. వచ్చే బేరాలన్నీ పెళ్లి ఎంక్వైరీలే. పిల్లగాడు తాగుతాడా, పిల్ల చదివింది నిజమేనా. సావు కేసు రావడం ఇదే మొదలు. ఇచ్చోడ నుంచి శంకరవ్వ అనే మనిషి బస్సు దిగి వచ్చి, "నా బిడ్డ మొగణ్ణి సంపలేదు సాబు" అని మెట్ల మీదనే కూలబడింది.

ఆ బిడ్డ రమ. చనిపోయింది ఆమె భర్త సాగర్. మస్కట్‌లో మేస్త్రీ పని చేసేవాడు. ఇంటికొచ్చి మంచం పట్టి, కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో కాలేయం పూర్తిగా చెడిపోయి పోయాడు. సాగర్‌కే కాదు, తల్లి ఐలవ్వకూ అన్న కరుణాకర్‌కూ హెపటైటిస్ బి ఉన్నట్టు అక్కడి పరీక్షల్లోనే తేలింది. తల్లి నుంచి కాన్పులో బిడ్డలకు అంటుకుని, ఏళ్లకేళ్లు ఒంట్లో పడి ఉండే జబ్బు అది. కరుణాకర్‌కు ఏ మందూ అక్కర్లేదన్నారు డాక్టర్లు. అదే జబ్బుతో తాను నాగలి మోస్తుంటే తమ్ముడెట్లా పోయాడని అతని అనుమానం. మరదలు పోసిన కామెర్ల పసరు మీద ఫిర్యాదు పెట్టాడు.

"మీరు ఎన్కటి కాలపోళ్లు," అన్నాడు ఓంప్రకాశ్. "లాఠీ తోటి కోడిదొంగలను పట్టినోళ్లు. ఇది మెడికల్ కేసు."

"గందుకే అడుగుతున్న సార్. డాక్టర్‌ను అడిగిండ్రా?"

"అడిగిన. పసరు తోటి లివర్ ఖరాబైతదా అంటే, అయితది అన్నడు."

"పసరు లేకుంట గూడ అయితదా అని అడిగిండ్రా?"

ఓంప్రకాశ్ నవ్వలేదు. "హైదరాబాద్ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చేసరికి నెలలు పడతది. అప్పటిదాంక ఆమె జైల్ల ఉంటది. పొద్దు గూకినంక ఆడామెను అరెస్టు చెయ్యరాదు గాబట్టి, పొద్దు గూకక ముందే చేస్త. మీకు జర టైమున్నది. పోయి మాట్లాడుకోండ్రి, ఎన్కటి మనిషి అని ఇడుస్తున్న."

రమ పక్క గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది గాని మాట తడబడలేదు.

"పసరు పోసిననాడు ఆయన కండ్లు ఎట్లున్నయ్ బిడ్డా?"

"అప్పటికే పసుపు ముద్దలు సాబు. ఏర్‌పోర్టుల నల్లద్దాలు పెట్టుకొని దిగిండు. హీరో అయిండురా అని మా బావ నవ్విండు. ఇంటికొచ్చి తీసినంక ఎవలం నవ్వలే."

"దవాఖానకు ఎందుకు పోలే?"

"రానన్నడు. ఏం జబ్బో నాకు గూడ చెప్పలే, పేరు బయట పడితే మళ్ల వీసా కొట్టరని భయం. మొదలు పోయినప్పుడు గూడ ఏజెంటు ఎవలదో రక్తం ఇప్పిచ్చి మెడికల్ పాస్ చేయించిండట. అక్కడ కాలు తెగినా సూది ఏపిచ్చుకోలేదు. నేనేం జెయ్యాలె? మా అవ్వ ఇచ్చోడ దిక్కు పసరు మంచిదన్నది, తెప్పిచ్చిన. నేను తాపిన మాట నిజమే సాబు. దాయను."

"అంతకు ముందు గోలీలు ఏమన్న మింగేటోడా?"

"ఒక్కటి గూడ లే. ఆస్పత్రిల గూడ గదే చెప్పిన."

జబ్బార్ వరండాలోకి రాగానే ఫోన్ మోగింది. డాక్టర్ ముస్కాన్. కరీంనగర్‌లో ల్యాబ్ చూస్తుంది. ఆమె పెళ్లికి ముందు వరుడి సంగతి విచారించి, మంచోడే గాని గురక పెడతాడని చెప్పింది జబ్బారే. ఆ గురకతోనే కాపురం చేస్తూ, పిలిస్తే పలుకుతుంది.

"చిచ్చా, ఆస్పత్రిల దాచిపెట్టిన సాగర్ రక్తం, వాళ్ల అవ్వది, అన్నది హైదరాబాద్ పంపి చదివిపిచ్చిన కదా. వచ్చినయ్."

"జర నాకు సమజయ్యేటట్టు చెప్పు బేటా."

"వైరస్‌కు గూడ ఒక రాత ఉంటది. మూడు వేల చిల్లర అక్షరాలు. పెరిగినప్పుడల్ల ఆ రాతకు నకలు తీసుకుంటది, నకల్ల తప్పులు పోతయ్. చాన తప్పులు ఉత్తవే. కొన్ని మాత్రం దానికి కలిసొస్తయ్, మనిషికి కీడు జేస్తయ్. తల్లిది, పెద్దకొడుకుది పాత రాతనే. సాగర్‌ది మారింది. ఒక తప్పు తోటి వైరస్ తన గుర్తు దాచుకున్నది. మామూలు పరీక్షల చూస్తే సల్లబడ్డట్టే కనిపిస్తది, లోపట లివర్ కాలుతనే ఉంటది. ఇంకో రెండు మార్పులు ఉన్నోళ్లకు ముప్పు మస్తు ఎక్కువ."

"అంటే సి.ఐ. సాబ్ లెక్క తప్పు. ఒక్కటే పురుగు కాదు."

"ఒక్క కడుపునే పుట్టింది. అన్నదమ్ముల లెక్కనే వేరు పడ్డది."

"గీ మాట నువ్వొచ్చి చెప్తె పిల్లను ఇడుస్తరా?"

"ఇడువరు చిచ్చా. ముప్పు ఎక్కువున్నది అని చెప్పగలుగుత. పసరు చంపలేదు అని నేనెట్ల చెప్త? వైరస్ మీద కేసు రాసుకోరు వాళ్లు."

జబ్బార్ గోడకు ఆనుకున్నాడు.

"కాని ఇంకో మార్పున్నది," అంది ముస్కాన్. "అది ఊకె రాదు. లామివుడిన్ అని ఒక పాత గోలీ ఉన్నది. దాన్ని మస్తు రోజులు, నడుమ నడుమ తప్పుకుంట మింగినోళ్ల ఒంట్ల వైరస్ దానికి అలవాటు పడి గా మార్పు తెచ్చుకుంటది. ఇగ ఆ గోలీ ఎంత మింగినా దానికి ఖాతరు ఉండది. తల్లి నుంచే వచ్చిందంటే తల్లి దాంట్ల ఉండాలె. ఆమె దాంట్ల లేదు."

"పెండ్లాం ఒక్క గోలీ మింగలేదు అంటుంది."

"పెండ్లాం గట్లంటది. వైరస్ ఇంకోటి చెప్తుంది. ఆ గోలీ ఆయన మింగిండు చిచ్చా. ఎక్కడ, ఎవలిచ్చిన్రో నువ్వు చూస్కో. ఆ, ఐలవ్వను రేపు మళ్లొకసారి తోలియ్యి. ఆమె రక్తంల వైరస్ లెక్క మస్తు ఎక్కువ చూపిచ్చింది. మిషన్ తప్పో ఏందో."

"సరే సరే," అన్నాడు జబ్బార్. అతని ఆలోచన అప్పటికే గోలీ వెంట పోయింది. మస్కట్‌లో డాక్టర్ గడప తొక్కనివాడు అక్కడ మందు కొనలేడు. అయితే గోలీ ఇక్కడి నుంచే పోయి ఉండాలి.

ఊరు ఠాణాకు దగ్గరే. కరుణాకర్ గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచి జబ్బు మోస్తున్నవాడని ఎవరూ అనరు. భుజాలు తలుపంత ఉన్నాయి.

"పెండ్లి ఎంక్వైరీలు ఒడిసినయా సాబు, సావు ఎంక్వైరీలకు దిగినవ్?"

"రెండిట్ల అబద్దాలు ఒక్కతీరే ఉంటయ్ కరుణాకర్. మీ తమ్ముని సూట్‌కేస్ చూడాలె."

"పోలీసోళ్లు చూసిన్రు. సీసా దొరికింది."

"వాళ్లు సీసా కోసం చూసిన్రు, సీసా దొరికింది. నేను దేనికోసం చూస్తున్ననో నాకే తెల్వది. ఇడువు జర."

కరుణాకర్ తప్పుకున్నాడు గాని గది గుమ్మంలోనే నిలబడ్డాడు. మంచం కింద సూట్‌కేస్, పిడికి విమానం చీటీ ఇంకా వేలాడుతోంది. పని బట్టలు, సిమెంటు కరిచిన బూట్లు, పిల్లల సబ్బులు. అడుగున మామిడి తొక్కు ప్లాస్టిక్ డబ్బా, ఖాళీది. మూత తీస్తే ఆవపిండి వాసన. డబ్బాలో ఒక కవరు, నూనె తగలకుండా రెండు పొరలు వేసి సన్నటి దారంతో కట్టి ఉంది. మింగేసిన గోలీల ఖాళీ షీట్లు లోపల ఉన్నాయి. మందు మీదనో పంపిన మనిషి మీదనో గౌరవం ఉన్నవాడేమో, సాగర్ వాటిని పారేయలేదు. అన్నీ సగం షీట్లే.

జబ్బార్ ఒకదాన్ని కిటికీ వెలుతురుకు పట్టాడు. చేత్తో తుంపింది కాదు. కత్తెర. అదీ మామూలు కోత కాదు. మూల దగ్గర కత్తెర ఆగి, గుండ్రంగా తిరిగింది. బీడీల కోసం రేకు నమూనా పెట్టి తునికాకు కోసే చెయ్యి అట్లాగే తిరుగుతుంది. ఆకు లేకపోయినా, రేకు లేకపోయినా. దారం చూశాడు. బీడీ మూతి కట్టే దారం. జబ్బార్ తల్లి ఆ దారంతోనే ముగ్గురు పిల్లల్ని పెంచింది. దాన్ని గుర్తుపట్టడానికి అతనికి కళ్లు కూడా అక్కర్లేదు.

"ఇంట్ల బీడీలు ఎవలు చేస్తరు? రమనా?"

"ఆమెకు ఆకు పట్టుడే రాదు. మా అవ్వ చేస్తది. గిప్పుడు గూడ చేస్తుంది. దినాలన్న కానియ్యవే అంటే ఇనలే. చెయ్యి ఊకుంటే ఏడుపొస్తదట."

ఐలవ్వ వెనక వసారాలో, చీకటి మూలకు, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాటలో కోసిన ఆకు కుప్పగా ఉంది. సగానికి సగం వంకర కోతలే.

"సలాం అక్కా. జబ్బార్‌ను."

"ఎవలు తమ్మీ?"

"జబ్బార్‌ను. రమ వాళ్ల అవ్వ పంపింది."

"ఆ. కూసో." ఒక ఆకు చుట్టింది. మళ్లీ తలెత్తింది. "ఎవలు తమ్మీ నువ్వు?"

కొడుకు పోయిన దుఃఖం అనుకున్నాడు జబ్బార్. పక్కనున్న తంబాకు డబ్బా మూత తీసి చూశాడు. ఆమె వద్దనలేదు. తంబాకు పైన సగం షీటు ఒకటి ఉంది, గోలీలు మింగేసి ఖాళీ అయినది. సూట్‌కేస్‌లోని ముక్కలు ఒక్కొక్కటీ దాని పక్కన పెట్టి చూశాడు. మూడోది అతుక్కుంది. గుండ్రటి కోత గుండ్రటి కోతలో కూర్చుంది. రేకు వెనక సగం సగం ఉన్న మందు పేరు పూర్తయింది. లామివుడిన్.

గుమ్మంలో కరుణాకర్ ముందుకు వంగాడు. "గవి అవ్వ గోలీలు. ఎన్కట డాక్టర్ లివర్‌కని రాసిచ్చిండు, జబ్బు పేరు మాకు చెప్పలే. పట్నం పోయినప్పుడల్ల నేనే తెస్త. గవి వాని సూట్‌కేస్ల..."

"అక్కా, సాగర్‌కు ఇవి నువ్వు పంపినవా?"

ఐలవ్వ చేతిలో ఆకు ఆగింది. "పంపిన. మస్కట్ పోయేటోళ్లు ఎవలున్నా తొక్కు డబ్బల పెట్టి పంపిన. సగం నాకు, సగం వానికి. వాడు ఫోన్ల చెప్పిండు, అవ్వా వీసా మెడికల్లనే తేలింది, నాకు గూడ నీ జబ్బే అంటుకున్నదట, ఎవలకు చెప్పకు అన్నడు. పెండ్లానికి గూడ చెప్పద్దని ఒట్టేయించుకున్నడు."

"డాక్టర్‌ను అడగకుంటనా?"

"ఏమడగాలె తమ్మీ? నా కడుపుల పుట్టినోడు, నా పాలు తాగినోడు. నా జబ్బు పడ్డది వానికి. నా గోలీ పడదా?"

ఈ ప్రశ్నకు ముస్కాన్ దగ్గర జవాబుంది. అక్షరాలు, నకలు, తప్పులు. ఈ చాట ముందు అవేవీ పనికిరావు. చివరికి తనకు రెండెకరాల పత్తి చేను ఉన్న సంగతి గుర్తొచ్చింది.

"అక్కా, పత్తికి మందు కొట్టినవా ఎప్పుడన్న?"

"మస్తు కొట్టిన."

"సగం మందు కొడితే ఏమైతది?"

"పురుగు సావది. ముదురుతది." అలవాటుగా అనేసింది. అన్నాక ఆమె చేతులు చాటలో పడిపోయాయి. కరుణాకర్ గుమ్మంలోనే చతికిలబడి, తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

"గట్లయిందా," అంది ఐలవ్వ, ఎవరినీ అడగనట్టు.

"నీ తప్పు కాదక్కా. వానిదే వేరే తీరు జబ్బు. తప్పకుంట మంచి మందు మింగుతె బతికేటోడేమో. మింగినా ఏమయ్యేదో. ఎవలకు తెల్వది." అది ఓదార్పు కాదని అంటుండగానే తెలిసింది. "కాని పిల్ల జైలుకు పోతుంది. ఆయన మస్కట్ల ఉండంగనే ఈ గోలీలు మింగిండు, పసరు కంటే ముందే లివర్ కాలుతుండె అని నువ్వు ఠాణాల చెప్పాలె. నువ్వు తప్ప చెప్పేటోళ్లు లేరు."

"చెప్తె పిల్ల ఇంటికొస్తదా?"

"వస్తది."

"నడువు."

గోడ పట్టుకుని లేచి, వసారా దాటి ఎండలోకి వచ్చింది. అప్పుడు చూశాడు జబ్బార్. కళ్లలో తెల్లగుడ్డు లేదు. పచ్చి పసుపు రంగు. ముందుకు చాచిన చెయ్యి మణికట్టు దగ్గర రెక్క కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. ముస్కాన్ ఫోన్‌లో చెప్పిన చివరి మాట, అతను సరే సరే అని వదిలేసిన మాట, ఇప్పుడు చెవిలో పడింది. మిషన్ తప్పు కాదు.

"అక్కా, నీ గోలీ నువ్వెప్పుడు మింగినవ్?"

"వాడు మంచం పట్టినకాడికెళ్లి పిల్లకు తెల్వకుంట అన్నీ వానికే ఇచ్చిన. అంతకు ముందు గూడ వడ్ల కల్లాలప్పటి సంది నేను మింగుతలేను. వానికి తక్కువైతున్నయ్ అన్నడు. సచ్చేటోని కాడ దాసుకుంటనా?"

ఆమె వైరస్ పాత రాతే. ఆ గోలీకి లొంగేదే. గోలీ ఆగగానే లేచింది. కొడుకు ఒంట్లో ఏ పనీ చేయని మందు, ఆమె ఒక్కదానికే పనిచేసే మందు, షీట్లకు షీట్లు సాగర్ గొంతులోకి పోయింది.

"కరుణాకర్, బండి తియ్యి. కరీంనగర్ పోవాలె, గిప్పుడే."

"ముందు ఠాణాకు," అంది ఐలవ్వ. బండెక్కింది గాని తలుపు వేయనివ్వలేదు. "ముందు పిల్లను ఇడిపియ్యి. లేకుంటే దిగుత."

ఇద్దరు మొగవాళ్లు, ఒక పిడికెడు ముసలామె. ఆమెను ఒప్పించడం వాళ్ల వల్ల కాలేదు. ఠాణా ఎట్లాగూ దారిలోనే ఉంది. దారిలో జబ్బార్ అంబులెన్స్‌కు ఫోన్ చేసి ఠాణా దగ్గరికే రమ్మన్నాడు. ఎండ తాటిచెట్ల మొదళ్లకు దిగింది.

ఓంప్రకాశ్ రెండు ముక్కల షీటును అతికించి చూశాడు. విడదీశాడు. మళ్లీ అతికించాడు. "కత్తెర మంచిగనే కలిసింది సాబ్. కాని షీటు మాట్లాడది. ముసలామె మాట్లాడాలె." ఫోన్ రికార్డు పెట్టి టేబుల్ మీద నిలబెట్టాడు. పక్క గది గుమ్మంలోకి రమ వచ్చి నిలుచుంది.

"నీ పేరు చెప్పు అవ్వా."

"ఐలవ్వ."

"కొడుకులెందరు?"

"ఇద్దరు."

"చిన్నకొడుకుకు గోలీలు పంపినవా?"

"పంపిన. తొక్కు డబ్బల..." ఆమె ఆగింది. వేళ్లు కొంగు మీద లేని ఆకును చుట్టడం మొదలుపెట్టాయి. కళ్లు గది అంతా తిరిగి, తిరిగి జబ్బార్ మీద ఆగాయి. మొహం వెలిగింది. "సాగరూ, ఎండల నిలవడ్డవేంది కొడుకా? లోపటికి రా. ఎప్పుడు దిగినవ్?"

ఓంప్రకాశ్ రికార్డు ఆపేశాడు. "గిదా మీ సాక్షి?" గొంతులో వెక్కిరింపు లేదు. అలసట ఉంది. "మతి లేని మనిషి మాట ఏ కోర్టు ఇంటది? పొద్దు గూకుతుంది జబ్బార్ సాబ్. నేనేం జెయ్యాలె?"

"సార్." రమ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మహిళా కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి, రమ మొహం చూసి తీసేసింది. "ఆయన గూడ ఆఖరికి గిట్లనే మాట్లాడిండు సార్. మా అవ్వను పట్టుకొని మేస్త్రీ, ఇటుక పంపు అన్నడు. చెయ్యి గిట్లనే కొట్టుకున్నది. కండ్లు గివే కండ్లు."

జబ్బార్ టేబుల్ మీదున్న సీసాను ఐలవ్వ ముందుకు జరిపాడు.

"సార్, ఈమెకు పసరు ఎవలు తాపలే."

ఓంప్రకాశ్ సీసా వైపు చూశాడు. ఐలవ్వ పసుపు కళ్ల వైపు చూశాడు. ఒక్కటే కడుపు, ఒక్కటే పురుగు అని పొద్దున తాను చెప్పిన మాటకు జవాబు కుర్చీలో కూర్చుని ఊగుతోంది. కాసేపటికి టోపీ తీసి పక్కన పెట్టి, వరండా వైపు కేకేశాడు. "అంబులెన్స్ ఎంత దూరంల ఉన్నదో కనుక్కోండ్రి. రాకుంటే మన బండి తీయుండ్రి."

"రమ?" అన్నాడు జబ్బార్.

"తోలుకపోండ్రి. రేపటిదాంక నేనేం రాయను. రేపటి సంగతి రేపు."

విడిపించమన్న పిల్ల విడుదలైంది. శంకరవ్వకు ఫోన్ చేయాలని జబ్బార్ జేబులో చెయ్యి పెట్టాడు గాని, ఆమె నంబరు కొట్టలేదు. ముస్కాన్‌కు మాత్రం చేశాడు. అంతా విని ఆమె ఒక్కటే అంది. "తొందరగ తెండ్రి చిచ్చా. బతుకుతదని మాత్రం అనకుండ్రి ఆమె తోటి."

రమ నేల మీద కూర్చుని, అత్త తలను భుజానికి ఆనించుకుంది. ఐలవ్వ ఆమెను గుర్తుపట్టింది. ఒక్క ఆమెనే.

"పిల్లా, వానికి గోలీ ఇచ్చినవా?"

కరుణాకర్ మొహం గోడకు తిప్పుకున్నాడు. రమ ఆ కొట్టుకునే చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇచ్చిన అత్తమ్మా. మింగిండు. నిద్రపోతుండు."